గాలి చెప్పింది, నీళ్లు వినలేదు: ఒక తీరప్రవాహాల ప్రాజెక్టు డైరీ

1వ రోజు

ఒడ్డున నిలబడి, ముఖానికి తగిలే గాలిని బట్టి సముద్రంలో నీళ్లు ఎటు పోతున్నాయో చెప్పగలమా? ఈ ప్రాజెక్టంతా ఆ ఒక్క ప్రశ్న కోసమే. చెప్పగలమనే ధీమాతోనే మొదలుపెట్టాను. గాలి తోస్తుంది, నీళ్లు కదులుతాయి, ఇందులో పెద్ద విడ్డూరం ఏముందని.

సరంజామా పెద్దదేం కాదు. ఒడ్డున ఒక ఇనప గొట్టం, దాని మీద మూడు కప్పుల గాలి మీటరు, దిక్కు చూపే రెక్క. నీళ్లలో వదలడానికి జీపీఎస్ పెట్టెలు కట్టిన బెండ్లు. సముద్ర శాస్త్రంలో వీటిని డ్రిఫ్టర్లంటారు గానీ, వలకు కట్టే బెండ్లతోనే చేస్తున్నాను కాబట్టి నాకు ఇవి బెండ్లే. ఒడ్డు నుంచి కిలోమీటరు లోపలికి, 7 మీటర్ల లోతు దాకా కొలవాలని ప్లాను. అక్కడికి తీసుకెళ్లడానికి పడవ బాబాయ్ ఒప్పుకున్నాడు.

నేను చెప్పిందంతా ఓపిగ్గా విని ఆయన అన్నాడు: "దీనికింత హంగామా ఎందుకు బాబూ? లంగరేసి కూర్చుంటే సరి. పడవ ముక్కు గాలి ఎటుందో చెబుతుంది, తాడు నీళ్లెటున్నాయో చెబుతుంది."

నవ్వి ఊరుకున్నాను. ఆ మాట అప్పుడే నోట్‌బుక్‌లో రాసుకుని ఉంటే నాకు వారం రోజులు కలిసొచ్చేవి.

3వ రోజు

గాలి మీటరు తిరుగుతోంది. లోపల చిన్న అయస్కాంతం, అది దగ్గరికొస్తే మూసుకునే రీడ్ స్విచ్ ఉంటాయి. కప్పులు తిరిగే కొద్దీ స్విచ్ టిక్కుమంటుంది. సెకనుకు ఒక టిక్కు పడితే గాలి గంటకు 2.4 కిలోమీటర్లని దీనితో వచ్చిన కాగితంలో ఉంది. అంటే సెకనుకు 9 టిక్కులు పడితే గాలి సెకనుకు 6 మీటర్లు. మొదటి గంటలోనే నా మీటరు తుఫాను చూపించింది. ఆకులు ఊగుతున్నాయంతే, స్క్రీన్ మీద మాత్రం తుఫాను! తీరా చూస్తే స్విచ్ మూసుకునేటప్పుడు వణుకుతోంది, ఒక టిక్కును నాలుగుగా లెక్కపెడుతోంది. ఒక టిక్కు పడ్డాక 10 మిల్లీసెకన్లలోపు వచ్చిన దేన్నీ పట్టించుకోవద్దని ప్రోగ్రాంలో ఒక లైను చేర్చాను. తుఫాను తీరం దాటింది.

గొట్టం ఎక్కడ పాతాలన్న దానికి ఒక రోజు పోయింది. మొదట నీడ కోసం చెట్ల వరుస పక్కన పాతాను. నీడతో పాటు గాలి కూడా ఆగిపోయింది. ఇప్పుడు పోటు నీళ్లు అందని చోట, బయలుగా ఉన్న ఇసుకలో, 3 మీటర్ల ఎత్తున ఉంది. లెక్కలన్నిటికీ ప్రామాణికమైన ఎత్తు 10 మీటర్లు. నేలకో నీటికో దగ్గరగా గాలి రాపిడికి మందగిస్తుంది, పైకి పోయే కొద్దీ పుంజుకుంటుంది. సముద్రం లాంటి నున్నటి ఉపరితలం మీద 3 మీటర్ల దగ్గర కొలిచిన గాలికి ఇంచుమించు 12 శాతం కలిపితే 10 మీటర్ల గాలి వస్తుంది. ఇక నుంచి నేను రాసే గాలి వేగాలన్నీ అలా కలిపినవే.

దిక్కు విషయంలో చేసిన పొరపాటు చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. ఉత్తరపు గాలి వీస్తుంటే పది నిమిషాల సగటు దక్షిణమని వస్తోంది. రెక్క ఊగుతూ ఒకసారి 350 డిగ్రీలు, మరోసారి 10 డిగ్రీలు చూపిస్తుంది. రెండూ ఉత్తరమే. రెండూ కలిపి సగం చేస్తే 180, అంటే నిఖార్సైన దక్షిణం. డిగ్రీలకు సగటు తీయకూడదు. ప్రతి రీడింగునూ తూర్పు భాగం, ఉత్తర భాగంగా విడగొట్టి, వాటికి వేర్వేరుగా సగటు తీసి, చివర్లో మళ్లీ దిక్కుగా మార్చుకోవాలి. ఈ సంగతి పుస్తకాల్లో చదివినవాడినే. అయినా చేశాను.

5వ రోజు

ఇంకో తిరకాసు. గాలికి పేరు అది వచ్చే దిక్కును బట్టి పెడతారు, ప్రవాహానికి పేరు అది పోయే దిక్కును బట్టి పెడతారు. దక్షిణపు గాలి అంటే దక్షిణం నుంచి వచ్చేది. దక్షిణ ప్రవాహం అంటే దక్షిణానికి పోయేది. రెండింటినీ ఒకే గ్రాఫులో గీస్తే, కలిసి నడిచేవి ఎదురెదురుగా కనిపిస్తాయి. నిన్నంతా నేను ఆ గ్రాఫు చూసి "గాలికి ఎదురీదే ప్రవాహం కనిపెట్టేశాను" అని పొంగిపోయాను. పొద్దున టీ తాగుతూ చూస్తే సంగతి అర్థమైంది. ఇకపై ఫైల్లో గాలి కూడా పోయే దిక్కులోనే ఉంటుంది, ఈ గొడవే లేకుండా.

తూర్పు, ఉత్తరం అనే లెక్క కూడా తీరానికి కుదరదు. నీళ్లకు ఉత్తరంతో పని లేదు, ఒడ్డుతోనే పని. ఈ ఒడ్డు గీత ఉత్తరం నుంచి 30 డిగ్రీలు తూర్పుకు ఒరిగి ఉంది, సముద్రం తూర్పు వైపు. కాబట్టి గాలినీ ప్రవాహాన్నీ ఒడ్డు వెంబడి భాగం, ఒడ్డుకు అడ్డంగా భాగం అని విడదీసుకున్నాను. సెకనుకు 6 మీటర్ల దక్షిణపు గాలి వీస్తే అందులో 5.2 మీటర్లు ఒడ్డు వెంబడి, 3 మీటర్లు ఒడ్డు మీదికి. ఒకే గాలి రెండు వేర్వేరు పనులు చేస్తుందన్నమాట. ఆ రెండు పనులూ ఎంత వేర్వేరో తర్వాత తెలిసొచ్చింది.

6వ రోజు

మొదటిసారి నీళ్లలోకి. జీపీఎస్ పెట్టెలు బిగించిన రెండు ప్లాస్టిక్ సీసాలు వదిలాం. ఒకటి ఖాళీది, రెండోది మూతి దాకా నీళ్లు నింపింది. గాలి సెకనుకు 6 మీటర్లు. రెండూ ఒకే చోట, ఒకే నిమిషంలో నీటిని తాకాయి.

ఇరవై నిమిషాలకు ఖాళీ సీసా 400 మీటర్లు పోయింది. నిండు సీసా 190 మీటర్ల దగ్గరే ఉంది.

ఒకే నీళ్లు, రెండు వేగాలు: సెకనుకు 33 సెంటీమీటర్లు, 16 సెంటీమీటర్లు. ఖాళీ సీసాలో సగం నీటిపైన ఉంది, గాలికి అది తెరచాప. నేను కొలిచింది ప్రవాహాన్ని కాదు, సీసా మీద గాలిని. అప్పుడు గుర్తొచ్చింది బాబాయ్ మాట. పడవలో ఎక్కువ భాగం గాలిలో ఉంటుంది కాబట్టి దాని ముక్కు గాలి మాట వింటుంది. తాడు నీటిలో ఉంటుంది కాబట్టి నీటి మాట వింటుంది. మొదటి రోజే ఆయన నాకు ఇదంతా ఒక్క వాక్యంలో చెప్పేశాడు. ఈ మాట ఆయనతో అంటే, "మరి సీసాకి తాడు కట్టకపోయావా?" అన్నాడు, మోటారు తాడు లాగుతూ.

8వ రోజు

తాడు కాదు గానీ, బెండుకి నీటిలో తెరచాప కట్టాను. పైన కనిపించేది వీలైనంత తక్కువ, కింద నీటికి అడ్డం పడేది వీలైనంత ఎక్కువ ఉండాలి. 1980ల మొదట్లో ఉత్తర కాలిఫోర్నియా తీరంలో కోడ్ అనే పెద్ద ప్రయోగం జరిగింది. దానికోసం రస్ డేవిస్ తయారు చేసిన డ్రిఫ్టరు ఇప్పటికీ తీరప్రాంతపు కొలతలకు నమూనాగా ఉంది: నిలువు గొట్టం, దానికి కూడిక గుర్తులా నాలుగు గుడ్డ రెక్కలు, మొత్తం మీటరు ఎత్తు, పైన నాలుగు చిన్న బెండ్లు. నేనూ అదే పద్ధతిలో ప్లాస్టిక్ గొట్టం, టార్పాలిన్ గుడ్డతో రెండు చేశాను. లోసముద్రాల్లో వదిలే డ్రిఫ్టర్లకైతే గుడ్డ గొట్టాన్ని 15 మీటర్ల లోతున వేలాడదీస్తారు. వాటిలో నీటి కింద అడ్డుపడే వైశాల్యం, పైన ఉన్న దానికి 40 రెట్లకు తగ్గకుండా చూస్తారు. అప్పుడు సెకనుకు 10 మీటర్ల గాలిలో కూడా అవి నీటి నుంచి జారేది సెకనుకు ఒక సెంటీమీటరులోపే. నా బెండ్ల లెక్క 25 రెట్ల దగ్గర ఆగింది. జీపీఎస్ యాంటెన్నా నీటిపైన ఉండక తప్పదు కదా.

మూడో బెండు వేరే రకం: పల్చటి చెక్క పలక, నీటి పైపొరలోనే ఉంటుంది. నాలుగోదానికి రెక్కలు 5 మీటర్ల కింద, సన్నటి తీగ చివర వేలాడతాయి. పైపొర, మీటరు లోతు, అడుగుకు దగ్గర అని మూడు అంతస్తులన్నమాట.

9వ రోజు

వాన. ఇంట్లో కూర్చుని లెక్కలు.

గాలి నీటిని ఎంత గట్టిగా లాగుతుందన్నది గాలి వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. గాలి 4 నుంచి 8కి పెరిగితే లాగుడు రెండింతలు కాదు, నాలుగింతలు. అందుకే 2, 3 మీటర్ల వేగంతో రోజంతా వీచే పిల్లగాలి నీటికి దాదాపు లెక్కలోది కాదు, రెండు గంటలు వీచిన 8 మీటర్ల గాలి మాత్రం లెక్కే. రోజు సగటు గాలి అనే అంకె ఇక్కడ ఎందుకూ పనికిరాదు.

ఇక దిక్కు సంగతి. నార్వే అన్వేషకుడు నాన్సెన్ 1893లో తన ఫ్రామ్ ఓడను ఆర్కిటిక్ మంచులో కావాలనే ఇరికించాడు, ఆ ఓడ 1896 దాకా మంచుతో పాటు కొట్టుకుపోయింది. మంచు గాలి వెంట నేరుగా పోవడం లేదని, గాలి దిక్కుకు 20 నుంచి 40 డిగ్రీలు కుడికి జరుగుతోందని నాన్సెన్ గమనించాడు. ఎందుకన్నది స్వీడన్ శాస్త్రవేత్త ఎక్మాన్ లెక్కగట్టి 1905లో ప్రచురించాడు. భూభ్రమణం వల్ల ఉత్తరార్ధగోళంలో కదిలే నీరు కుడికి వంగుతుంది. పైపొర తన కింది పొరను లాగుతుంది, అది ఇంకాస్త కుడికి, దాని కిందిది మరికాస్త. అన్ని పొరలనూ కలిపి చూస్తే మొత్తం నీటి తరలింపు గాలికి సరిగ్గా 90 డిగ్రీలు కుడికి. దక్షిణార్ధగోళంలో ఎడమకు.

ఇదంతా విప్పుకోవడానికి లోతు కావాలి. సెకనుకు 10 మీటర్ల గాలికి 45 డిగ్రీల అక్షాంశం దగ్గర ఆ మెలిక దాదాపు 90 మీటర్ల లోతుకు దిగుతుంది. భూమధ్యరేఖ వైపు వచ్చే కొద్దీ ఇంకా లోతుకు. నా దగ్గరున్నది 7 మీటర్లు. పది గజాల చీరను అగ్గిపెట్టెలో మడవాలన్నట్టుంది. ఇక్కడ గాలి రాపిడి పైనుంచి, అడుగు రాపిడి కిందినుంచి వచ్చి మధ్యలోనే కలుసుకుంటాయి, భూభ్రమణం మాట చెల్లదు. నీళ్లు కుడికి తిరగకుండా చాలావరకు గాలి వెంటే పోతాయి, కానీ ఒడ్డు అడ్డం ఉన్నందువల్ల ఒడ్డు వెంబడే పోగలుగుతాయి. ఈ డైరీ మొదలుపెట్టినప్పుడు ఎక్మాన్ పేరు పెద్దగా రాసి పెట్టుకున్నాను. 7 మీటర్ల నీటిలో ఆయన్ని వెతకడం నాదే తప్పు.

10వ రోజు నుంచి 24వ రోజు దాకా

ఈ పదిహేను రోజులూ కలిపి రాస్తున్నాను, ఎందుకంటే చేసింది ఒకటే పని. రోజూ ఉదయం 8కి, మధ్యాహ్నం 3కి బెండ్లు వదలడం, గంట తర్వాత ఏరుకోవడం. ఎండ, ఉప్పు, నడుం నొప్పి.

పదిహేను రోజులే ఎందుకంటే ఆటుపోట్ల వల్ల. గాలి వల్ల ఎంత, పోటు వల్ల ఎంత అని ఒక్క రోజు కొలతతో విడదీయలేం. అయితే రెండింటి గడియారాలూ వేరు. ఎండకు నేల వేడెక్కి సముద్రపు గాలి లేచేది రోజూ ఇంచుమించు ఒకే వేళకు. పోటు వచ్చేది 12 గంటల 25 నిమిషాలకొకసారి, అంటే ఏ రోజుకారోజు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా. పదిహేను రోజుల్లో ఆ ఆలస్యం పన్నెండున్నర గంటలై ఒక చుట్టు పూర్తవుతుంది. కాబట్టి రోజూ 3 గంటలకు కొలిచి సగటు తీస్తే పోటు లాగింది, పాటు (నీళ్లు వెనక్కి తీసే వేళ) లాగింది చెల్లుకు చెల్లు అయిపోయి గాలి మిగులుతుంది.

పూర్తిగా కాదులెండి. సూర్యుడి వల్ల వచ్చే పోటు సరిగ్గా 12 గంటలకొకసారి వస్తుంది, అది కూడా గడియారాన్నే నమ్ముకుంది, సగటులో పోదు. చంద్రుడి పోటులో ఇది సగానికి కొంచెం తక్కువ. దీన్ని పట్టుకోవడానికి మబ్బు పట్టి గాలి లేవని రోజులు కావాలి. అలాంటివి రెండు దొరికాయి. మామూలుగా మబ్బు చూస్తే చిరాకు పడే నేను, ఆ రెండు రోజులూ పండగ చేసుకున్నాను.

మీటరు లోతు బెండ్ల సగటు ఇది: ఉదయం 8కి ఒడ్డు వెంబడి ఉత్తరానికి సెకనుకు 3 సెంటీమీటర్లు, మధ్యాహ్నం 3కి 11. మబ్బు రోజుల్లో 3 గంటలకు 4. అంటే మధ్యాహ్నపు ప్రవాహంలో సింహభాగం గాలిదే. ఒడ్డు వెంబడి వీచే గాలి ఒరిపిడిని అడుగు రాపిడితో తూచి కాగితం మీద వేసుకున్న లెక్కలో 9 వచ్చింది. నాకు ఈ మాత్రం పోలిక చాలు.

మధ్యలో 13వ రోజు మూడో బెండు పెట్టెలోకి నీళ్లు పోయాయి. పెట్టె తెరిస్తే బోర్డు మీద పచ్చటి చిలుం, బ్యాటరీ చుట్టూ ఉప్పు గడ్డ. రబ్బరు వాషరు గాడిలో ఒకే ఒక ఇసుక రేణువు ఉంది. అది కాస్త సందు ఇచ్చింది, మిగిలిన పని వేడి చేసింది. ఎండలో కాలిన పెట్టెను చల్లటి నీటిలో వేయగానే లోపలి గాలి ముడుచుకుని నీటిని లోపలికి పీల్చేస్తుంది. ఇప్పుడు పెట్టెలను నీడలో, తడి గుడ్డ కింద చల్లబరిచి, గాడి బ్రష్షుతో దులిపి, అప్పుడు బిగిస్తున్నాను.

16వ రోజు, వేరుగా

ఈ రోజు గురించి విడిగా రాయాలి. పొద్దున పదిన్నరకు సముద్రం నూనె పోసినట్టుంది. బెండ్లన్నీ దక్షిణానికి తీరిగ్గా పోతున్నాయి, పాటు లాగుడులో. 10:50కి దూరంగా నీటి మీద ముదురు గీత ఒకటి కనిపించింది. ఆ గీతకు అవతల నీరు గరుకుగా, ఇవతల అద్దంలా. అది మా వైపే వస్తోంది. బాబాయ్ ఏమీ అనకుండా తలపాగా బిగించుకున్నాడు. 11:05కి పడవను దాటింది. ఒక్కసారిగా చెమట చల్లబడింది, మోటారు మీద ఆరేసిన గుడ్డ ఎగిరింది. ఒడ్డున మీటరు సెకనుకు రెండు టిక్కుల నుంచి ఏడుకు చేరిందని రాత్రి రికార్డులో చూశాను.

చెక్క పలక పదిహేను నిమిషాల్లో మొహం తిప్పుకుంది, వాయవ్యంగా, ఒడ్డు వైపు. మీటరు లోతు బెండ్లు నిదానించాయి, కానీ ఆగలేదు. 12:20 దాకా దక్షిణానికే పోయాయి, తర్వాతే ఉత్తరానికి మళ్లాయి. 5 మీటర్ల బెండు మధ్యాహ్నం ఒంటిగంటన్నర దాటాక గానీ కదలిక మార్చుకోలేదు. పాటు ముగిసి పోటు మొదలయ్యే వేళ కూడా మధ్యాహ్నమే కాబట్టి ఈ ఆలస్యమంతా గాలిదేనని ఆ ఒక్క రోజుతో అనలేను. పదిహేను రోజుల గ్రాఫులు పెట్టి చూసినా మాత్రం అదే వరస: గాలి గ్రాఫును రెండున్నర, మూడు గంటలు ముందుకు జరిపితే ప్రవాహం గ్రాఫు మీద చక్కగా కూర్చుంటుంది. 7 మీటర్ల నీటి బరువును గాలి కదిలించడానికీ, అడుగు రాపిడి ఆపడానికీ పట్టే సమయం అది.

సముద్రపు గాలి గురించి ఒక చిన్న ముచ్చట. భూభ్రమణం వల్ల నీరు తనంతట తాను గుండ్రంగా తిరిగే కాలం ఒకటుంటుంది, అక్షాంశాన్ని బట్టి మారుతుంది. 30 డిగ్రీల దగ్గర అది దాదాపు 24 గంటలు. రోజుకొకసారి ఊపే సముద్రపు గాలికి అది సరిగ్గా అందొస్తుంది, ఉయ్యాలను సమయానికి తోసినట్టు. లోతైన నీరున్న చోట ఆ అక్షాంశాల్లో కొద్దిపాటి గాలికే పెద్ద ఊపు వస్తుంది. నా 7 మీటర్లలో ఉయ్యాల నేలకు రాసుకుంటోంది.

19వ రోజు

ఇవాళ ఒడ్డుకు దగ్గరగా, అలలు విరిగే చోట. అక్కడ జీపీఎస్ బెండ్లు వేస్తే చెక్కలు చెక్కలవుతాయి కాబట్టి కమలాపండ్లు వాడాను. తీరప్రవాహాలు చూడటానికి ఇది పాత కిటుకే: పండు దాదాపు మొత్తం మునిగి ఉంటుంది, గాలికి దొరకదు, రంగు దూరం నుంచి కనిపిస్తుంది, పోయినా సముద్రానికి చెడుపు లేదు.

ఉత్తరపు గాలి, సెకనుకు 5 మీటర్లు. గాలి ప్రకారమైతే పండ్లు దక్షిణానికి పోవాలి. ఇసుకలో 20 మీటర్ల ఎడంగా రెండు కర్రలు పాతి చూశాను. ఎనిమిది పండ్లూ ఉత్తరానికి పోయాయి, గాలికి ఎదురు! కర్రల మధ్య దూరానికి 41 నుంచి 58 సెకన్లు తీసుకున్నాయి.

ఈసారి గ్రాఫు తిరకాసు కాదు, కళ్లారా చూశాను. గడియారం పట్టుకుని అలలు లెక్కపెడితే 11 సెకన్లకొకటి వస్తోంది. ఇక్కడి గాలికి పుట్టే అలలు 3, 5 సెకన్లవి, పొట్టివి, గజిబిజివి. 11 సెకన్లంటే ఎక్కడో దూరాన, ఎన్నడో వీచిన గాలికి పుట్టి ప్రయాణించి వచ్చిన కెరటం. అది దక్షిణం వైపు నుంచి కాస్త ఏటవాలుగా వచ్చి విరుగుతోంది. విరిగినప్పుడు తన ఊపును నీటికి ఇచ్చేస్తుంది, ఆ ఊపులో ఒడ్డు వెంబడి భాగమే పండ్లను ఉత్తరానికి తోసింది. అల ఎత్తు 0.8 మీటర్లు, వాలు 8 డిగ్రీలని కంటి అంచనా. అల ఎత్తునూ, వాలునూ బట్టి ఈ ప్రవాహ వేగం చెప్పే సూత్రం ఒకటుంది. దాంట్లో ఈ అంకెలు వేస్తే సెకనుకు 45 సెంటీమీటర్లు వచ్చింది. పండ్లు చెప్పింది 34 నుంచి 49.

కాబట్టి విరిగే అలల లోపల రాజ్యం ఇక్కడి గాలిది కాదు, కెరటానిది. గాలి అక్కడ చేయగలిగేది పొట్టి అలలు పుట్టించి వాటి ద్వారా తోయడమే. సముద్రపు గాలి గట్టిగా ఉన్న సాయంత్రాల్లో అది కూడా కనిపించింది.

ఎనిమిదో పండు కర్ర దాటాక ఒక చోట ఆగి, నెమ్మదిగా వెనక్కి తిరిగి, అలలు విరగని సందులోంచి నేరుగా సముద్రంలోకి పోయింది. రెండు నిమిషాల్లో విరిగే అలలకు అవతల ఉంది. రిప్ ప్రవాహం. ఒడ్డు నుంచి చూస్తే అన్నిటికన్నా ప్రశాంతంగా కనిపించిన చోటు అదే. స్నానానికి దిగేవాళ్లు ఎంచుకునేదీ అలాంటి చోటే. దాంట్లో పడితే ఒడ్డుకు ఎదురీదకూడదు, ఒడ్డుకు సమాంతరంగా ఈది పక్కకు బయటపడాలి. పండు కోసం నేను దిగలేదు, దిగేవాడిని కూడా కాదు.

23వ రోజు

ఎదురుచూసిన గాలి వచ్చింది: సముద్రం నుంచి నేరుగా ఒడ్డు మీదికి, సెకనుకు 7 మీటర్లు, ఆగకుండా నాలుగు గంటలు. ఒడ్డు వెంబడి భాగం దాదాపు లేదు. పైపొర పలక ఒడ్డు వైపు సెకనుకు 18 సెంటీమీటర్లు, మీటరు లోతు బెండ్లు 9. ఇంతవరకూ ఎవరైనా ఊహించేదే. 5 మీటర్ల బెండు మాత్రం సెకనుకు 4 సెంటీమీటర్లతో సముద్రంలోకి నడిచింది. గంటలో పలక పడవకు ఒక పక్క, బెండు ఇంకో పక్క ఏడెనిమిది వందల మీటర్ల దూరంలో.

నీళ్లు ఒడ్డు మీదికి పోతూనే ఉండలేవు కదా. అక్కడ పోగుపడతాయి, నీటి మట్టం ఒడ్డు వైపు కాస్త లేస్తుంది, ఆ వాలు కింది నీటిని వెనక్కి పంపుతుంది. ఎంత వాలు అని లెక్క వేశాను. 7 మీటర్ల గాలికి, 7 మీటర్ల లోతుకు, కిలోమీటరుకు ఒక మిల్లీమీటరు! మూడుసార్లు తిరగేసి చూశాను, అంతే. వేలిగోరు మందం ఎత్తు చాలు, అన్ని టన్నుల నీరు కింద వెనుదిరగడానికి. ఒడ్డు వెంబడి వీచే గాలి నీటిని పక్కకు తరలిస్తుంది. ఒడ్డు మీదికి వీచే గాలి నీటిని పైకీ కిందికీ విడదీస్తుంది. 5వ రోజు రాసుకున్న రెండు పనులు ఇవే.

28వ రోజు

నాలుగు రోజులుగా దక్షిణపు గాలి, రాత్రీ పగలూ. తాడుకు కట్టిన ఉష్ణోగ్రత సెన్సర్లలో 6 మీటర్ల దగ్గరది 1.4 డిగ్రీలు పడిపోయింది. ఈ సెన్సర్ల తేడా అర డిగ్రీ దాకా ఉండొచ్చు కాబట్టి ఇంటికి తెచ్చి మంచు నీళ్లలో ముంచి చూశాను, సున్నాకు 0.2లోపే ఉన్నాయి. పడిపోయిన మాట నిజమే.

ఎక్మాన్ ఇక్కడ దొరికాడు, నా 7 మీటర్లలో కాదు, ఇంకా లోపల, లోతైన చోట. ఒడ్డు ఎడమన ఉండేలా గాలి వీస్తే పైనీరు కుడికి, అంటే సముద్రంలోకి తరలిపోతుంది. ఆ ఖాళీని పూడ్చడానికి కింది చల్లటి నీరు అడుగు వెంబడి ఒడ్డు వైపు పాకుతుంది. కాలిఫోర్నియాలో, కుడి ఎడమలు తారుమారయ్యే దక్షిణార్ధగోళంలోని నమీబియాలో, పెరూలో సముద్రం చల్లగా ఉండటానికీ, చేపలు అంత దండిగా దొరకడానికీ కారణం ఇదే. ఆ కింది నీరు పోషకాలు మోసుకొస్తుంది. నా దగ్గరికి వచ్చింది దాని కొసరు మాత్రమే.

31వ రోజు

ఇవాళ పరీక్ష పెట్టుకున్నాను. బెండ్లు వదలకముందే నోట్‌బుక్‌లో జవాబు రాసి బాబాయ్‌కి ఇవ్వాలి. ఉదయం 7 గంటలు, దక్షిణపు గాలి సెకనుకు 5 మీటర్లు. నేను రాసింది: పలక గాలి వేగంలో 3 శాతం, అంటే 15 సెంటీమీటర్లతో ఉత్తరానికి. కమలాపండ్లు కెరటాన్ని బట్టి ఉత్తరానికి, 30. మీటరు లోతు బెండ్లు ఉత్తరానికి, 6.

బాబాయ్ కాగితం చూసి జేబులో పెట్టుకున్నాడు. "మూడోది తప్పు" అన్నాడు.

పలక 14. పండ్లు 33. మీటరు లోతు బెండ్లు దక్షిణానికి పోయాయి, 5 సెంటీమీటర్లతో.

"ఎలా చెప్పావు బాబాయ్?"

"తెల్లవారుజామున వలకి వెళ్లాను కదా. అయిదింటి దాకా ఉత్తరపు గాలి ఊపేసింది. నువ్వు ఏడింటికొచ్చి ఏడింటి గాలి చూశావు."

ఆ గాలి నా మీటరులో కూడా ఉంది. ఇంటికొచ్చి కార్డు తీసి చూస్తే అర్ధరాత్రి నుంచి అయిదింటి దాకా సెకనుకు 8, 9 మీటర్లు. మూడు గంటల ఆలస్యం అని 16వ రోజు పేజీలో రాసింది నేనే. రాసి, వదిలే గంట గాలి ఒక్కటే చూసి లెక్క కట్టాను. ప్రోగ్రాం మార్చాను: ఇప్పుడది వెనకటి 12 గంటల గాలినంతా తీసుకుని, పాత గంటలకు తక్కువ, కొత్త గంటలకు ఎక్కువ బరువిస్తూ జవాబు చెబుతుంది. ఇవాళ్టి ఉదయాన్ని దానికి ఇచ్చి చూస్తే దక్షిణానికి 4 అంది.

రేపు మళ్లీ ఆరింటికి. రెండు, నాలుగు బెండ్లు చార్జింగులో పెట్టాను. మూడోదానికి కొత్త వాషరు వేయాలి.